పద్నాలుగు వోల్టులు

మిన్నెసోటాలో జనవరి నెలంటే సాయంత్రం నాలుగున్నరకే చీకటి. నేనూ మా మరిది డ్వేనూ షెడ్డు తలుపు బార్లా తెరిచి, మంచు తోసే చిన్న ట్రాక్టర్ దగ్గర కూర్చున్నాం. లోపలంతా పాత ఆయిల్ కంపు, ఎలుకల కంపు.

పోయిన చలికాలం మా ఆయన వెర్లిన్ ఇక్కడే పోయాడు. బ్యాటరీ ఛార్జ్ ఎక్కడం లేదని మీటర్ పట్టుకుని కూర్చున్నాడు. ఇంజిన్ నడుస్తుంటే తప్ప ఆ సంగతి తేలదు. చలికి ఓర్చుకోలేక మా వైపు మగాళ్లంతా చేసే పాడుపనే తనూ చేశాడు. తలుపు మూసుకున్నాడు. పొగ లోపలే నిండిపోయింది.

"పాత ఇనుముకి వేసెయ్, వదినా. దీన్ని చూస్తుంటే ఒళ్లు మండిపోతోంది," అన్నాడు డ్వేన్.

"ఏ రిపేరు కోసం నా మనిషి పోయాడో నాకు తెలియాలి. చూడు."

ఇంజిన్ నడిపి చూశాడు. మీటర్ పన్నెండు దాటలేదు. ఛార్జ్ సరిగ్గా ఎక్కుతుంటే పద్నాలుగు చూపించాలి. ఇంజిన్ ఆపేసి, దాని కింద తడిమాడు.

"ఎలుకలు వైరు కొరికేశాయి, వదినా. ఇంతే."

జానెడు వైరు! నాకు ఏడుపు ఆగలేదు. డ్వేన్ కొత్త వైరు కోసం ట్రక్కు దగ్గరికి వెళ్లాడు.

ఇంజిన్ ఆగే ఉంది. చడీచప్పుడు లేదు. మీటర్ మీద అంకె కదిలింది. పన్నెండున్నర... పదమూడు... పద్నాలుగు.

గుప్పున పొగ వాసన. వెనకాల తలుపు కిర్రుమంటూ మూసుకుంది.

"చలేస్తోంది, మార్లిస్..." చెవి పక్కనే గుసగుస. "చూశావా... ఎక్కుతోంది."

తను పోయినట్టు తనకే తెలియదు. ఆ సంబరం విని నా గుండె పగిలిపోయింది.

"తలుపు తియ్యి, వెర్లిన్. నీకు పుణ్యముంటుంది... తియ్యి."

"ఇంకాసేపు."

నేను లేవలేదు. లేవాలనిపించలేదు.

తెలివొచ్చేసరికి ఆసుపత్రిలో ఉన్నాను. డ్వేన్ డాక్టరుతో గొడవ పడుతున్నాడు.

"ఇంజిన్ ఆపేసే వెళ్లానండీ! వైరు తీసుకుని వెంటనే వచ్చేశాను."

"ఆవిడ రక్తంలో ఉన్న విషం అలా చెప్పడం లేదు. గంటకు పైగా ఆ పొగ పీల్చింది."

నేను కళ్లు మూసుకున్నాను. గంటకు పైగా తన పక్కన కూర్చున్నాను. నాకు గుర్తున్నవి నాలుగు మాటలే. మిగతా సేపంతా ఏం చెప్పుకున్నామో... తనకి నేను ఏమని మాటిచ్చానో...