నూట నలభై తొమ్మిది డిగ్రీలు

ప్రొఫెసర్ జనార్దనరావు తెనాలి స్టేషన్లో రేపల్లె ప్యాసింజర్ ఎక్కబోతూ కుప్పకూలిపోయాడు. గుండెపోటన్నారు జనం. ఆయన మెడ మీద సూదిపోటు చూసింది దీవెన ఒక్కతే. ఆయన సంచి తీసుకుని, పక్కకొచ్చి తమ గూఢచారి శాఖ చీఫ్ మత్తయికి ఫోన్ చేసింది.

"విషవాయువుని పసిగట్టే సెన్సర్ ఫార్ములా ఆ సంచిలోని నోట్‌బుక్‌లో ఉందమ్మా. విదేశీ ముఠాకి కావలసింది అదే. సూది సంగతి మనిద్దరి మధ్యే ఉండాలి. రేపు బాపట్లలో మన మనిషి వస్తుంది, నోట్‌బుక్ ఆవిడకివ్వు. కోడ్, దుగ్గిరాల పసుపు. జవాబు, తడిసింది."

ఆయన్ని కాపాడటానికే దీవెన ఆయన పాఠం చెప్పే బాపట్ల కాలేజీలో కెమికల్ ఇంజనీరింగ్ ఎం.టెక్ విద్యార్థినిగా చేరింది. కాపాడలేకపోయింది. ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

మర్నాడు మధ్యాహ్నం ల్యాబ్‌లో ఒంటరిగా రియాక్టర్ నడుపుతోంది. తలుపు తోసుకుని హిమబిందు వచ్చింది. కాలేజీలో ఇంగ్లీషు చెప్పే గెస్ట్ లెక్చరర్. సిల్కు చీర, ఖరీదైన సెంటు.

"దుగ్గిరాల పసుపు ఎలా ఉంది అమ్మాయ్?"

"తడిసిందండి మేడం."

"పాపం మాస్టారు. సూది దిగినప్పుడు నొప్పి తెలిసుండదులే."

సూది సంగతి ఈవిడకెలా తెలుసు? దీవెన తన సంచిలో చెయ్యి పెట్టి, ప్రొఫెసర్ నోట్‌బుక్ వదిలేసి, తన క్లాసు నోట్సు తీసి ఇచ్చింది. హిమబిందు పేజీలు తిప్పింది. నిండా ఈక్వేషన్లే. నవ్వింది.

లిప్‌స్టిక్ తీసి తిప్పింది. కొసన సూది మెరిసింది. దాన్ని చూపిస్తూనే రియాక్టర్ కూలింగ్ వాటర్ కట్టేసి, వాల్వ్ చక్రం ఊడదీసుకుంది. "ల్యాబ్ ప్రమాదమంటే ఎవరూ అడగరు." బయట గడియ పడింది.

రియాక్టర్ మీటరు ముల్లు నూట ముప్ఫై డిగ్రీల మీదుంది. నూట యాభై దాటితే పేలుతుంది. గోడకవతల ఫస్టియర్ క్లాసు, అరవైమంది పిల్లలు. దీవెన అరిచింది, ఎవరికీ వినపడలేదు. స్పానర్ వెతికింది. చేతిలోంచి రెండుసార్లు జారింది. నూట నలభై. చక్రం లేని వాల్వ్ కాడకి స్పానర్ బిగించి, ఒళ్ళంతా వేసి లాగింది. కదల్లేదు. నూట నలభై ఎనిమిది. మళ్ళీ లాగింది.

పైపులో నీళ్ళు గుడగుడలాడాయి. ముల్లు నూట నలభై తొమ్మిది దగ్గర ఆగి, వెనక్కి తిరిగింది.

నేల మీద కూలబడి మత్తయికి ఫోన్ చేసింది. రేపల్లె దగ్గర పడవ ఎక్కబోతున్న హిమబిందుని రెండు గంటల్లో పట్టుకున్నారు.

"ఆవిడ మనల్నే అమ్మేసిందమ్మా. ఆవిణ్ణి నీ దగ్గరికి పంపింది నేనే," తర్వాత ఫోన్లో అన్నాడు మత్తయి. "ఆవిడ దగ్గర దొరికిన నోట్సు సాక్ష్యం కింద సీలు వేశాం. నీకేమైనా కావాలా?"

దీవెన తన సంచిలో చూసుకుంది. "సోమవారం పరీక్షండి సార్. ఆ నోట్సు జిరాక్స్ తీయించి పంపుతారా?"