పుట్టీ కింద

నీళ్లు బానెట్ మీదికి ఎగిసిపడుతున్నాయి!

జీపక్క స్టీరింగ్ వదలట్లేదు. ముప్పై ఏళ్ల పాత జీపు, లో గేర్‌లో, మూలుగుతూ వాగు దాటుతోంది.

అద్దంలోకి చూసింది.

తెల్ల కారు... ఇంకా వెనకే ఉంది!

"ఆపండి! మేడమ్, ఆపండి!" కారు కిటికీలోంచి తల బయటపెట్టి అరుస్తున్నాడు ఫోటోగ్రాఫర్. ఈ జీపు అతనిదే.

ఆపితే చంపేస్తాడు. అన్నయ్య ఫోన్‌లో అదే చెప్పాడు. అన్నయ్య అంటే మామూలు మనిషి కాదు, ఇన్‌స్పెక్టర్.

నీళ్లు తలుపుల దాకా వచ్చాయి. ఇప్పుడు ఇంజన్ ఆగిందంటే అంతే సంగతులు!

ఆగదు. ఇంజన్‌కు గాలి అందించే గొట్టాన్ని పైకప్పు ఎత్తుకు లేపి బిగించింది ఆమే. స్ప్రింగులు మార్చి బండిని నాలుగంగుళాలు పైకెత్తిందీ ఆమే. పాత జీపు ఏదైనా ఆమె షెడ్డుకే వస్తుంది. జీపక్క అన్న పేరు ఊరికే రాలేదు.

వెనక కారు వాగు నడుమ ఒకసారి దగ్గింది.

ఇంకోసారి దగ్గింది.

ఆగిపోయింది!

జీపు అవతలి గట్టెక్కింది.

మూడు వారాల కిందట ఈ బండిని షెడ్డుకు తెచ్చినప్పుడు ఎంత నెమ్మదిగా మాట్లాడాడు ఆ మనిషి!

"ఇది మా నాన్న జీపు మేడమ్. ఇద్దరం కొండలన్నీ తిరుగుదాం, ఇందులోనే పడుకుందాం అనేవారు. ఏడేళ్ల కిందట బండి రోడ్డు పక్కన దొరికింది. ఆయన దొరకలేదు. ఇన్నాళ్లూ పోలీసుల దగ్గరే తుప్పు పట్టింది. మొన్ననే కోర్టు ఇప్పించింది. ఆ టూరేదో నేనైనా చేస్తా."

ఆ మాటకు ఆమె కరిగిపోయింది. పైన మడత టెంటు, రెండో బ్యాటరీ, నీళ్ల ట్యాంకు... అన్నీ సొంత బండికి చేసుకున్నట్టే చేసింది.

ఈ మధ్యాహ్నం సొరుగులు అమర్చాలని వెనక సీటు పీకింది. పాత రంగు గీకేందుకు పక్క రేకు మీద గ్రైండర్ పెట్టింది.

పుట్టీ పొరలు పొరలుగా రాలింది.

దాని కింద... గుండ్రటి రంధ్రం!

స్క్రూడ్రైవర్‌తో కెలికితే అరచేతిలో పడింది, నలిగిపోయిన బుల్లెట్.

వెంటనే అన్నయ్యకు ఫోన్ చేసింది. ఏ జీపో, ఎవరిదో, ఏం దొరికిందో గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

అన్నయ్య గొంతు తగ్గించాడు.

"వాడే చంపాడు బుజ్జీ, కన్నతండ్రిని! మాకు ఎప్పట్నుంచో అనుమానం. బండి తీసుకుని పాత క్వారీ దగ్గరికొచ్చెయ్."

"స్టేషన్‌కి కాదా?"

"స్టేషన్లో వాడి మనుషులున్నారు. ఎవరికీ చెప్పకు. దొరికితే నిన్నూ చంపేస్తాడు. కదులు!"

ఆమె గేటు దాటుతుండగానే ఎదురొచ్చింది తెల్ల కారు...

క్వారీ వచ్చేసింది. నిట్టనిలువు రాతిగోడలు. అడుగున నల్లటి నీళ్లు.

అంచున అన్నయ్య. ఒక్కడే. యూనిఫాం లేదు.

జీపక్క ఒక్క దూకు దూకి పరుగెత్తింది. "అన్నయ్యా! వాడు వెంటపడ్డాడు! కారు వాగులో ఆగిపోయింది..."

"భయపడకు, నేనున్నాగా. బుల్లెట్ ఏదీ?"

ఇచ్చింది.

అతను దాన్ని వేళ్ల మధ్య తిప్పి చూశాడు.

"ఒకటేనా? రెండుండాలే!"

జీపక్క ఒక అడుగు వెనక్కి వేసింది.

"రెండని... నీకెలా తెలుసు?"

అన్నయ్య చెయ్యి విసిరాడు. బుల్లెట్ నీళ్లలో పడిన చప్పుడైనా రాలేదు.

"అన్నయ్యా!"

"ఏడేళ్లు నా స్టేషన్లోనే పడుంది ఆ బండి. పుట్టీ పెట్టించింది నేనే. తిరిగి తిరిగి నీ చేతికే రావాలా బుజ్జీ?"

"నువ్వా...?"

"ఆ పెద్దమనిషి ఈ క్వారీలో దొంగ తవ్వకాలకి ఫోటోలు తీశాడు. ఓనరు నాకు కావాల్సినవాడు. బెదిరిద్దామనే వెళ్లా. బండి ఆపలేదు... పక్కకి తప్పుకో. దీన్ని నీళ్లలోకి తోసేస్తే నువ్వూ నేనూ హాయిగా ఇంటికెళ్లిపోవచ్చు."

"మేడమ్!"

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. బాట మలుపులో ఫోటోగ్రాఫర్! నిలువెల్లా తడిసి, ఆయాసంతో రొప్పుతున్నాడు.

"నా బండి తీసుకుని ఎందుకు పారిపోతున్నారండీ? నేనేం చేశాను?"

అన్నయ్య చేతిలోకి పిస్టల్ వచ్చింది!

"వీడు నిన్ను తరిమాడు. నేను కాల్చాను. నువ్వు సాక్షివి. అర్థమైందా?"

జీపక్క ఆలోచించలేదు. కాళ్లు వాటంతటవే కదిలాయి. వెళ్లి పిస్టల్‌కు ఎదురుగా నిలబడింది.

"సార్! మీ నాన్నని చంపింది ఈయనే!"

ఫోటోగ్రాఫర్ ముఖం పాలిపోయింది. "మా నాన్న... ఎక్కడ?"

అన్నయ్య చూపు ఒక్క క్షణం కిందికి, ఆ నల్లటి నీళ్ల మీదికి జారింది.

ఆ చూపు చాలు.

"తప్పుకో బుజ్జీ!"

"తప్పుకోను."

"అమ్మ పోయాక నీకు జడలేసి బడికి పంపింది నేనే!"

"నేనెప్పుడు మర్చిపోయాను?" ఆమె పిస్టల్‌కు ఇంకో అడుగు దగ్గరైంది. "నన్ను కాల్చాకే ఆయన్ని కాల్చు."

అతని దవడలు బిగిశాయి. వేలు ట్రిగ్గర్ మీద కదిలింది.

ఆమె కళ్లు మూసుకుంది.

ఢాం!

క్వారీ గోడలన్నీ మోగిపోయాయి.

నొప్పి లేదు...

కళ్లు తెరిచింది. వెనక్కి తిరిగింది. ఫోటోగ్రాఫర్ నిలబడే ఉన్నాడు.

పిస్టల్ ఆకాశం వైపు ఉంది. అన్నయ్య మోకాళ్ల మీద కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు.

వెళ్లి అతని వేళ్లు ఒక్కొక్కటే విడదీసింది. పిస్టల్ లాక్కుంది. రెండో చేత్తో ఫోన్ తీసింది.

"కంట్రోల్ రూమా? పాత క్వారీ దగ్గరికి రండి. ఏడేళ్ల నాటి హత్య... రెండో బుల్లెట్ ఇంకా జీపు రేకులోనే ఉండాలి."

"చంపిందెవరో తెలుసా అమ్మా?"

అన్నయ్య తలెత్తి ఆమెనే చూస్తున్నాడు. వద్దన్నట్టు తల ఊపుతున్నాడు.

"తెలుసు," అంది జీపక్క. "మా అన్నయ్య!"