ఒసాకా నుంచి నాగరాజు గొంతు

"రేటెంత?"

"తేమ చూసి చెప్తా."

కోడ్ సరిపోయింది. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్‌లో వ్యాపారి వేషంలో ఉన్న చీఫ్ వెంకటేశ్వర్లు, ఏజెంట్ మోహన్‌ని బుట్టల చాటుకి తీసుకెళ్లాడు.

"పెనుకొండలో ఒక ట్రైనింగ్ సెంటర్. జపాన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలంటూ తొమ్మిది మంది ఇంజనీర్లను పంపింది. ఒక్కరూ జపాన్‌లో దిగలేదు. విదేశీ ముఠా ఒకటి వాళ్లను ఏదో అడవి క్యాంపులో పెట్టి బ్యాంకుల సిస్టమ్స్ హ్యాక్ చేయిస్తోంది. ఈరోజు నాలుగింటికి రెండో బ్యాచ్ బస్సు బయల్దేరుతుంది. పన్నెండు మంది."

"ఆపేయండి సార్."

"ఎలా ఆపను? వెళ్లినవాళ్లు రోజూ ఇళ్లకి ఫోన్ చేసి ఒసాకాలో హాయిగా ఉన్నామంటున్నారు. అవి మెషీన్ పుట్టించిన గొంతులని నా అనుమానం. రుజువు కావాలి." చీఫ్ గొంతు తగ్గించాడు. "మీ తమ్ముడూ ఆ తొమ్మిది మందిలో ఉన్నాడు కదా."

ధర్మవరంలో ఉన్న అమ్మకి మోహన్ తమ్ముడు నాగరాజు రోజూ సాయంత్రం ఏడింటికి ఫోన్ చేస్తాడు. ఆ గొంతు అబద్ధమైతే తమ్ముడు ఏమైనట్టు? చీఫ్ లెక్క తప్పాలని మోహన్ మొదటిసారి కోరుకున్నాడు.

"అక్కడ అమృత అని ఒకామె ఉంటుంది. మన మనిషే," అంటూ చీఫ్ చొక్కా బొత్తాంలా కనిపించే మైక్ అందించాడు.

మూడున్నరకి పెనుకొండ సెంటర్ హాల్లో నెరిసిన పెట్టుడు మీసంతో, భుజాన కండువాతో మోహన్ వెనక వరసలో కూర్చున్నాడు. పిల్లల్ని సాగనంపడానికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది ధర్మవరం నేతగాళ్లే. అమావాస్య నాడు ప్రయాణమేంటని గొణుక్కుంటూ, నిన్ననే మంచి ఘడియ చూసి సూట్‌కేసులు పక్కింటికి చేర్చి, అటునుంచి అటే తెచ్చుకున్నారు.

నల్ల బ్లేజర్, ఎర్ర లిప్‌స్టిక్. అమృత ఒక్కొక్కరికీ జపాన్ పద్ధతిలో వంగి నమస్కరిస్తోంది. మోహన్ ముందు వంగినప్పుడు "తేమ చూసి చెప్తా" అని గొణిగి, స్టేజి ఎక్కింది. "మీ సీనియర్ నాగరాజు ఒసాకా నుంచి మాట్లాడతాడు."

"అందరూ బాగుండారా?" అంది స్పీకర్. "ఈడ ఏం భయం లేదు. కంపెనీ రూమ్ ఇచ్చినాది. చలి ఒకటే కొంచెం కష్టం."

అదే గొంతు. మాటకి ముందు చిన్న దగ్గు కూడా అదే. తమ్ముడు బతికే ఉన్నాడని మోహన్ ఆ క్షణం మనసారా నమ్మాడు. అయినా లేచాడు.

"ఏమప్పా నాగరాజూ, మీ నాయన ఈపొద్దు ఏం చేస్తాండాడు?"

"మగ్గం మీదే ఉండాడు మామా. ఇందాకే ఫోన్ చేసినా. నేస్తాండే చప్పుడు ఇనిపించినాది."

హాల్లో అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అమావాస్య నాడు ఆ నేతగాళ్లు మగ్గం తాకరు. చిన్నప్పుడు అమావాస్య పూట మగ్గం గుంటలో దిగినందుకు నాన్న చేతిలో నాగరాజు తిన్న దెబ్బలు మోహన్ కళ్లారా చూశాడు. ఇంటినుంచి వెళ్లిన వాయిస్ మెసేజ్‌లన్నిటిలోనూ మగ్గం చప్పుడు ఉండేది. మెషీన్ దాన్నే నేర్చుకుంది.

ముందు వరసలో తిమ్మరాజు అనే నేతగాడు కూతురి చేతిలోని సూట్‌కేసు అందుకున్నాడు. "భవానీ, ఇంటికి పోదాం పా. ఆ మాట్లాడేది మన పిల్లోడు కాదు."

బొత్తాం మైక్‌లో చీఫ్ అంతా విన్నాడు. బయట పోలీసు జీపులు బస్సుకి అడ్డంగా వచ్చి ఆగాయి.

అమృత పక్క గదిలోకి పరుగెత్తింది. మోహన్ వెంటపడేసరికి సర్వర్ స్క్రీన్ మీద అంకెలు తగ్గుతున్నాయి. సున్నా వస్తే క్యాంపు వివరాలన్నీ చెరిగిపోతాయి.

"నువ్వు మన మనిషివన్నారు."

"వాళ్ల మనిషిని కూడా," అని నవ్వింది అమృత.

మూడు. రెండు. మోహన్ ఆమెను పక్కకి తోసి క్యాన్సిల్ నొక్కాడు. అంకె ఒకటి దగ్గర ఆగింది.

స్క్రీన్ మీద క్యాంపు మ్యాప్, తొమ్మిది పేర్లు. ఎనిమిది పేర్ల పక్కన "పనిలో" అని ఉంది. నాగరాజు పేరు పక్కన "మృతి, జనవరి 19." ఇది మే నెల. నాలుగు నెలలుగా అమ్మ ఎవరితో మాట్లాడుతోందో మోహన్‌కి తెలిసింది. అక్కడే కూలబడి ఏడ్చాడు.

అమృతను పోలీసులకి అప్పగించి, చీఫ్ వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "ఆ ఎనిమిది మందినీ తెచ్చుకుంటాం మోహన్. కానీ మెషీన్ ఇప్పుడే ఆపేయాలి. ఏడింటికి మీ అమ్మకి నేను చెప్పనా?"

"నేనే ఫోన్ చేస్తాను సార్."

అమ్మ నంబరు మోహన్‌కి గుర్తులేదు, వెతుక్కోవాల్సి వచ్చింది. రహస్య ఉద్యోగమంటూ అతను ఏడాదికి ఒకసారి చేసేవాడు. ఆ తల్లికి ఒక్క రోజూ తప్పకుండా ఫోన్ చేసిన కొడుకు మెషీన్ ఒక్కటే.