మసి పూసిన ఎండపెట్టె

అద్దం కనబడితే తల దువ్వుకోకుండా ఉండటం ముత్యం వల్ల కాదు. ఆ మధ్యాహ్నం బొగ్గుబాయిలో మొదటి షిఫ్టు దిగి, రుద్ది రుద్ది స్నానం చేసి, తెల్ల చొక్కా తొడుక్కుని బజారుకు బయలుదేరాడు. గోదావరిఖని కాలనీ మైదానంలో ఆడవాళ్లు గుంపుగా నిలబడి ఉన్నారు. మధ్యలో ఒక పెట్టె, దాని మూతకు ముఖం పట్టేంత అద్దం. ఇంకేముంది, జేబులోంచి దువ్వెన తీసి, వంగి పాపిడి సర్దుకున్నాడు.

"జరుగుర్రి! ఎండకు అడ్డమొచ్చిండ్రు!"

తిరిగి చూస్తే ఒక అమ్మాయి. చెమటకు ముంగురులు నుదుటికి అంటుకున్నాయి. కళ్లు మాత్రం నిప్పులు చెరుగుతున్నాయి.

"రామగుండం దిక్కు ఎండకు కరువొచ్చిందా మేడం? ఎంత గావాల్నంటే అంత తీస్కోర్రి."

"తీస్కుందామనే వచ్చిన. మీ తలకాయ అడ్డమున్నది."

ఆడవాళ్లు పకపకా నవ్వారు. ముత్యం పాపిడి సగంలోనే ఆగిపోయింది.

ఆమె పేరు అనసూర్య. గోలేటిలో బొగ్గుబాయి కార్మికుడి కూతురు. బొగ్గూ కట్టెలూ ఎల్లకాలం ఉండవు, ఎండా గాలీ పేడా లాంటి ప్రకృతి ఇచ్చేవాటితోనే వంటా వెలుతురూ సాగాలని ఢిల్లీ సర్కారు ఓ పాలసీ పెట్టుకుంది. ఆ స్కీము కింద, ఎండకే అన్నం ఉడికించే ఈ పెట్టెలను, అంటే సోలార్ కుక్కర్లను, జనానికి చూపించడం అనసూర్య ఉద్యోగం. అన్ని ఊళ్లనూ వదిలి, ఇంటింటికీ కంపెనీ బొగ్గు దొరికే చోటికే వచ్చింది చూడండి, అదీ ఆమె ధైర్యం!

"మాకు బొగ్గు ఫిరీ మేడం. గీ డబ్బా ఎవలికి గావాలె?" అన్నాడు ముత్యం.

"పొగ గూడ ఫిరీయేనా?"

ముత్యం తల తిప్పాడు. పక్కనే వాళ్లమ్మ కనకవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. పొద్దున్నే వాకిట్లో బొగ్గుపొయ్యి రాజేయడం, పొగలో ఊదడం, కళ్లు ఎర్రబడటం పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. ఆ రోజే కొత్తగా కనబడింది.

అంతే. మర్నాటి నుంచి పెట్టె మోసే పని ముత్యం నెత్తికెత్తుకున్నాడు. డ్యూటీ లేని పూటల్లో ఎండ ఎటు తిరిగితే పెట్టెను అటు తిప్పాడు. సాయంత్రం కాగానే తమ క్వార్టర్ అరుగు మీద దించేవాడు.

"మేడం, ఎండ ఎటు పోతె అటు తిరుగుతున్న. నా గురించి ఏమన్న ఆలోచించిండ్రా?"

"ఆలోచించిన. ఇంకొంచెం ఎడమకు తిప్పుర్రి."

అంతవరకూ బాగానే ఉంది. కానీ ఆమె కనకవ్వను "పెద్దమ్మా" అని పిలిచేది. ఆ పిలుపు వినబడితే ముత్యం గుండె జారిపోయేది. ఆమెకు పెద్దమ్మ అయితే తను ఏమవుతాడు? అన్న! ఆ మాట తల్చుకుంటేనే అన్నం సయించేది కాదు.

ఇంతలో కబురొచ్చింది. హైదరాబాదు నుంచి స్కీము పెద్దసారు మర్నాడే వస్తున్నాడు.

"సారు ముందల అన్నం ఉడకాలె," అంది అనసూర్య. గొంతులో ఎప్పటి ధీమా లేదు. "ఉడకకపోతె ఈడ కుక్కర్లు చూపించే సెంటర్ ఎత్తేస్తరు. నన్ను ఇంకో జిల్లాకు తోలుతరు."

"ఉడుకుతది. ఫికర్ చెయ్యకు," అన్నాడు ముత్యం. మీరు నుంచి నువ్వుకు ఎప్పుడు దిగాడో అతనికే తెలియదు. ఆమె మాత్రం గమనించింది. కోప్పడలేదు.

తెల్లవారింది. సెకండ్ షిఫ్టు కాబట్టి మధ్యాహ్నం దాకా పొద్దంతా ముత్యందే. తెల్ల చొక్కా వేసుకుని వచ్చేసరికి అనసూర్య పెట్టె ముందు కొయ్యబారి నిలబడి ఉంది. లోపలి గిన్నెలు వెండిలా తళతళలాడుతున్నాయి.

"సారు వస్తున్నడని బూడిద వెట్టి తోమిన బిడ్డా," అంది కనకవ్వ మురిసిపోతూ. "గింత మసి వట్టినయి. అటువంటి గిన్నెలల్ల అన్నం వెడ్తె మన పరువేముంటది? చేతులు గుంజినయనుకో!"

బొగ్గు మసితోనే బతుకు గడిచిన ఆమెకు గిన్నె నల్లగా కనబడితే తోమకుండా నిద్ర పట్టదు మరి.

"అది మసి గాదు పెద్దమ్మా, రంగు," అనసూర్య కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "నలుపే ఎండను పట్టుకుంటది. తెల్లటి గిన్నెల అన్నం ఉడకది."

కనకవ్వ ముఖం మాడిపోయింది. "అయ్యో, ఎంత పని జేస్తిని!"

ముత్యం గిన్నెల వంక చూశాడు, వాకిట్లోని పొయ్యి వంక చూశాడు. ఒక్కసారిగా గట్టిగా నవ్వాడు.

"గోదావరిఖనిల నలుపుకు ఏడుస్తరా ఎవలన్న? అవ్వా, జల్ది పొయ్యి అంటువెట్టు. పచ్చి బొగ్గు వెయ్యి, మస్తు పొగ రావాలె!"

గుప్పున పొగ లేచింది. ముత్యం గిన్నెలనూ మూతలనూ పట్టకారుతో పట్టి, పొగలో అటూ ఇటూ తిప్పాడు. అనసూర్య దగ్గుతూ, నవ్వుతూ, "ఈ పక్క! ఈడ తెల్లగున్నది!" అని అరిచింది. కాసేపటికి గిన్నెలు కాటుకలా నల్లబడ్డాయి. తెల్ల చొక్కా సంగతి చెప్పనక్కర్లేదు. బియ్యం, నీళ్లు పోసి, మూత పెట్టి, అద్దం ఎండకు తిప్పారు. ఇక ఎదురుచూడటమే.

మిట్టమధ్యాహ్నం పెద్దసారు జీపు దిగాడు. అనసూర్య పెట్టె తెరిచి మూత తీసింది. ఆవిరి! మల్లెమొగ్గల్లా అన్నం! కాలనీ అంతా ఈలలు, చప్పట్లు.

సారు ముద్ద నోట్లో పెట్టుకుని, గిన్నెను తిప్పి చూశాడు. "మనం పంపే పెయింటు పొరలుగా ఊడుతోందని అందరి గోల. ఇదెక్కడిదమ్మా?"

"బాయిది సార్," అన్నాడు ముత్యం. ముఖం నిండా మసి.

సారు నవ్వాపుకోలేకపోయాడు. "బొగ్గే ఎండకు దారి ఇచ్చిందన్నమాట. సెంటర్ ఇక్కడే ఉండనీ అనసూర్యా. నువ్వూ ఇక్కడే ఉండు."

జీపు వెళ్లిపోయింది. ఎన్నాళ్లుగానో దాచుకున్న మాటలన్నీ చెప్పేద్దామని ముత్యం ఆమె దగ్గరికొచ్చాడు. "అనసూర్యా, నేను..."

ఆమె అతని వైపు చూడనే లేదు. గిన్నెలు చేతికి తీసుకుని కనకవ్వ దగ్గరికి వెళ్లింది. చెంపలు ఎర్రబడ్డాయి.

"ఇగ వీటిని తోమకు... అత్తమ్మా."

ముత్యం విన్నాడు. ఎగిరి గంతేశాడు.

కనకవ్వ గిన్నె అడుగున వేలు రాసి, పెళ్లికూతురికి పెట్టినట్టు అనసూర్య బుగ్గ మీద నల్లటి చుక్క పెట్టింది. కొడుకుకీ పెడదామని చెయ్యెత్తింది గానీ, అతని ముఖం మీద తెల్లటి చోటు ఎక్కడా దొరకలేదు.

"ముందుగాల మొఖం కడుక్కపో పోరగా," అంది కళ్లు తుడుచుకుంటూ. "గోలేటికి పోవాలె, మీ మామను అడగాలె."