తెగే ముందు చప్పుడు

సోమన్న పరుగెత్తుకొచ్చి బంతి వేసిన ప్రతిసారీ గోడకున్న స్పీకర్‌లోంచి చిన్న చప్పుడు వస్తోంది, ఎండుటాకు మీద ఎవరో కాలు పెట్టినట్టు. అది బంతి నేలకు తగిలిన చప్పుడు కాదు, బూట్ల చప్పుడూ కాదు. అతని భుజం లోపలి నుంచి వస్తున్న చప్పుడు.

"వింటున్నారా?" అని అడిగింది డాక్టర్ పట్నాల యామిని.

గాజు గోడకి ఇవతల నిలబడ్డ ఇద్దరూ తలూపారు. ఆ ఇద్దరిలో ఒకరు మద్దిలపాలెంలో టిఫిన్ సెంటర్ నడిపే గేదెల కళావతి. రెండో మనిషి పోర్టులో క్రేన్ ఆపరేటర్ సీపాన తవిటయ్య. ఇద్దరూ 'విశాఖ కెరటాలు' క్రికెట్ జట్టు అభిమాన సంఘం తరఫున వచ్చారు. లీగ్‌లో అప్పటికి కొత్త నియమం ఒకటి అమల్లోకి వచ్చింది. సీజన్ లేని నెలల్లో జట్టు ఎవర్ని తీసుకోవాలన్నా అభిమానులు ఓటు వేసి ఒప్పుకోవాలి. ఓటు వెయ్యాలంటే ఆటగాణ్ణి చూడాలి కదా. అందుకే భీమిలి రోడ్డులో కొత్తగా కట్టిన స్టేడియం అడుగున ఉన్న ఈ ల్యాబ్‌కి వాళ్లని పిలిచారు.

"కండని ఎముకకి పట్టి ఉంచేది టెండన్," అంటూ యామిని చెప్పసాగింది. "దాన్ని ఒక తాడు అనుకోండి. తాడులో వేల పోగులుంటాయి. బంతి వేసినప్పుడల్లా ఎక్కడో ఒకటో రెండో పోగులు తెగుతాయి. తెగినప్పుడు చప్పుడవుతుంది గాని మన చెవికి అందదు. అతని చేతికున్న నల్లటి తొడుగులో సెన్సర్లున్నాయి. అవి వింటాయి. విన్నదాన్ని బట్టి మొత్తం తాడు ఎప్పటికి తెగుతుందో కంప్యూటర్ లెక్క కడుతుంది. ఈ యంత్రం పేరు సంధి. ఇప్పుడు లీగ్‌లో అన్ని జట్లూ దీన్నే వాడుతున్నాయి."

"మా పోర్టులో క్రేన్ తాళ్లకి పెట్టింది ఇలాంటిదే కదా మేడమ్?" అన్నాడు తవిటయ్య.

"అదే. ముందు దాన్ని తాళ్ల కోసమే తయారుచేశాను. తర్వాత మనుషులకి కూడా పనికొస్తుందనిపించింది. ఎంతమంది ఫాస్ట్ బౌలర్లు భుజాలు పోగొట్టుకుని ఇంట్లో కూర్చున్నారో మీకు తెలియనిది కాదు. ముందే తెలిస్తే ఆపొచ్చు కదా."

తెర మీద ఆకుపచ్చ గీత ఒకటి పాకి, చాలా తొందరగా ఆగిపోయింది. దాని కింద 'ఒక సీజన్' అని అక్షరాలు పడ్డాయి.

కళావతి తెరకి దగ్గరగా జరిగింది. "ఒక్కటేనా? ఇంత కుర్రాడికి?"

"ఇది జాతకం కాదండీ. లీగ్‌లో ఇప్పుడు బౌలర్లని ఎలా వాడుతున్నారో అలాగే వాడితే ఒక సీజన్. తక్కువ ఓవర్లు వేయించి, మధ్య మధ్యలో విశ్రాంతి ఇస్తే తెగిన పోగులు మళ్లీ అతుక్కుంటాయి. పదేళ్లు ఆడతాడు."

"మరి ఆ ముక్క తెర మీద లేదేటి?" అంది కళావతి.

యామిని స్పీకర్ చప్పుడు తగ్గించింది. "రెండు మాటలుంటే జనం గందరగోళపడతారని మేనేజ్‌మెంట్ అంది. ఒక్కటే ఉంచమన్నారు."

ఇంతలో సోమన్న తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. అరకు పైన ఒక చిన్న గూడెం అతనిది, ఇంటిపేరు వంతల. కాఫీ గింజలు ఆరబోసే సిమెంటు కళ్లంలో టెన్నిస్ బంతితో బౌలింగ్ నేర్చుకున్నాడు. సరిగ్గా బ్యాటర్ కాళ్ల దగ్గర పడే అతని యార్కర్ చూసిన కోచ్‌లు రెండోసారి వేయించుకుని మరీ చూశారు.

"ఎంత చెప్పింది మేడమ్?"

యామిని దాచకుండా చెప్పింది. అతను కాసేపు తన కుడిచేతి వంక చూసుకున్నాడు. తర్వాత నవ్వాడు.

"ఒక సీజనంటే టీవీలో కనబడతానన్నమాటే. మా అమ్మ చూస్తుంది." తర్వాత కళావతి వైపు తిరిగాడు. "నన్ను తీసుకుంటారా అక్కా?"

*

మర్నాడు కళావతి టిఫిన్ సెంటర్‌లో కూర్చోడానికి చోటు లేదు. వాన పడుతోంది. పెసరట్లు పెనం మీంచి దిగడం ఆలస్యం, మాయమైపోతున్నాయి. క్రికెట్ లేని నెలల్లోనే అక్కడ క్రికెట్ గురించి ఎక్కువ మాట్లాడతారు.

"పోయిన సీజన్లో ఆఖరి ఓవర్లు మనోళ్లు వేసిన తీరు సూస్తే ఏడుపొచ్చింది," అన్నాడొకాయన ప్లేటు చేత్తో పట్టుకుని. "ఉన్న ఒక్క మంచి బౌలర్నీ కొచ్చికి వదిలేశారు. ఎందుకు వదిలేశారో ఇప్పటికీ నాకర్థం కాలేదు."

"నాగపూర్‌లో ఒకడు ఖాళీగా ఉన్నాడు. ముప్పయ్యారేళ్లు. సంధి మూడు సీజన్లు చూపించింది. బుద్ధిగా వేస్తాడు."

"బుద్ధిగా వేసి బుద్ధిగా ఓడిపోతాడు. సోమన్నని తీసుకోండ్రా అంటే!"

తవిటయ్య లేచి నిలబడ్డాడు. పదహారేళ్లుగా ఈ జట్టు వెంట తిరుగుతున్న మనిషి. కప్పు ఇంతవరకూ విశాఖ మొహం చూడలేదు. "నా మాట ఒక్కపాలి ఇనండి. సోమన్న లాంటి బౌలర్ మనకి మళ్లీ దొరకడు. తీసుకుందాం. ఎలాగూ ఆడి చెయ్యి ఒక సీజనే ఉంటాదని మిషనే సెప్తంది. ఆ ఒక్క సీజనూ పూర్తిగా ఆడిద్దాం. కప్పు కొట్టేద్దాం."

"అదేం మాట తవిటన్నా?" కళావతి అట్లకాడ పక్కన పెట్టేసింది. "విశ్రాంతి ఇస్తే పదేళ్లు ఆడతాడని ఆవిడ మన ముందే సెప్పలేదా?"

"సెప్పింది. పదేళ్లు ఆడతాడమ్మా, కాదన్లేదు. రెండేళ్లు మనం పాలుపోసి పెంచితే, మిగతా ఎనిమిదేళ్లు నాగపూర్‌కి ఆడతాడు. ఎవడు ఎక్కువ డబ్బులిస్తే ఆడి దగ్గరికి పోతాడు. అప్పుడు మనకేటి?"

ఆ మాటకి చాలామంది నవ్వారు. కళావతికి నవ్వు రాలేదు. చివరికి ఆమె ఒక షరతు పెట్టింది. సోమన్నని తీసుకుందాం గాని, మ్యాచ్‌కి రెండు ఓవర్లు మించి వేయించకూడదు. అందరూ చేతులెత్తారు. తవిటయ్య కూడా ఎత్తాడు. జట్టు యాజమాన్యం ఆ షరతుకి ఒప్పుకుంది. పేపర్లలో కళావతి ఫొటో పడింది.

*

మొదటి నాలుగు మ్యాచ్‌లూ మాట ప్రకారమే జరిగాయి. సోమన్న రెండు ఓవర్లు వేసేవాడు, రెండు మూడు వికెట్లు తీసేవాడు, వెళ్లి కూర్చునేవాడు. విశాఖ గెలుస్తోంది.

ఐదో మ్యాచ్‌లో స్టేడియం పెద్ద తెర మీద కొత్తగా ఒక గీత కనిపించింది. సోమన్న ఫొటో పక్కన, ఫోన్‌లో బ్యాటరీ గుర్తులాగా నిలబడి ఉంది. అది సంధి చూపించే గీత. అతను ఒక్కో బంతి వేస్తుంటే అది అణువంత తగ్గుతోంది. ముందు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక జనం సీట్లలోంచి లేచి తెర వైపు వేళ్లు చూపించారు. ఆ వెనకే ఎప్పుడూ వినని కేక లేచింది.

యామిని మేనేజర్ గదికి పరుగున వెళ్లింది. "ఆ గీత డాక్టర్లు చూడాల్సింది. జనానికి ఎందుకు చూపిస్తున్నారు?"

"జనం కోసమే కదండీ ఆట," అన్నాడు మేనేజర్ మర్యాదగా. "టీవీ చూసేవాళ్లు రెట్టింపయ్యారు. అతను బంతి వేస్తుంటే ఎవరూ చానల్ మార్చడం లేదు. అయినా మీకెందుకు భయం? ఎర్ర రంగు వచ్చినప్పుడు ఆపేద్దాం."

"బౌలర్లని ముందే ఆపడం కోసమే నేను దీన్ని తయారు చేశాను."

"ఆపేద్దాం అనే కదా నేనూ అంటున్నది."

ఏడో మ్యాచ్‌లో విశాఖ ఓడిపోయేలా ఉంది. సోమన్న రెండు ఓవర్లూ అయిపోయాయి. తూర్పు స్టాండ్‌లోంచి ఎవరో "ఇంకో ఓవర్!" అని అరిచారు. నిమిషంలో స్టేడియం మొత్తం అదే మాట. కెప్టెన్ మేనేజర్ వైపు చూశాడు, మేనేజర్ ముందు వరసలో కూర్చున్న కళావతి వైపు చూశాడు. షరతు ఆమెదే కదా. ఆమె తల అడ్డంగా ఊపింది. చుట్టూ ఉన్న వాళ్లు ఆమె వంక చూసిన చూపు ఆమె జీవితంలో ఎరగదు. రోజూ ఆమె చేతి టిఫిన్ తినేవాళ్లే వాళ్లు. ఆమె ఇంకోసారి తల ఊపలేకపోయింది. మేనేజర్ దాన్నే ఒప్పుకోలుగా తీసుకున్నాడు.

సోమన్న మూడో ఓవర్ వేశాడు. విశాఖ గెలిచింది.

ఆ తర్వాత ఆ షరతు మాట ఎవరూ ఎత్తలేదు. మ్యాచ్‌కి నాలుగు ఓవర్లు పడ్డాయి. గీత పసుపు రంగులోకి, తర్వాత ఎరుపులోకి మారింది. ఎరుపు వచ్చాక ఆపడం గురించి యామిని మళ్లీ అడిగితే, ఇంత దూరం వచ్చాక ఆపితే జనం స్టేడియం తగలబెడతారన్నారు. చివరికి ఆవిడే సోమన్నని పిలిచి అడిగింది. "నువ్వు వద్దను సోమన్నా. నువ్వు వద్దంటే ఎవరూ ఏమీ చెయ్యలేరు."

"వద్దంటే ఏం మిగుల్తుంది మేడమ్? మిషన్ ఒక సీజనే అంది కదా. వాళ్లందరికీ తెలుసు. వచ్చే ఏడాది నన్ను ఎవరు పిలుస్తారు?"

పదేళ్లన్నది యామిని నోటిమాటగానే ఉండిపోయింది. తెర మీద ఉన్నది మాత్రం దేశం మొత్తం చదివింది.

*

ఫైనల్ రోజు సాయంత్రం. ఆఖరి ఓవర్‌కి ముందు గీత వెంట్రుక మందం మిగిలింది. కొచ్చికి ఇంకా నాలుగు పరుగులు కావాలి. కెప్టెన్ బంతి చేత్తో పట్టుకుని సోమన్న దగ్గరికి వచ్చాడు గాని అతని చేతిలో పెట్టలేదు, చెయ్యి చాచి ఊరికే నిలబడ్డాడు.

స్టేడియం మొత్తం లేచి నిలబడింది. అందరి నోటా ఒకే పేరు. తవిటయ్య చొక్కా గుండీలు ఊడిపోయాయి, కళ్లలో నీళ్లు. కళావతి కూడా నిలబడే ఉంది. తన గొంతు ఎందుకు మండుతోందో ఆమెకి కాసేపటిదాకా తెలియలేదు. తనూ అరుస్తోందని తెలిసింది. తెలిసినా ఆగలేదు.

సోమన్న బంతి తీసుకున్నాడు.

మొదటి బంతికి పరుగు రాలేదు, రెండో బంతికీ రాలేదు. మూడో బంతి వేస్తున్నప్పుడు గీత మాయమైంది. చేతి తొడుగు చప్పుడుని స్టేడియం స్పీకర్లకి కలిపి ఉంచారు, ఉత్సాహం కోసం. తడిగుడ్డ చించినట్టు పెద్ద చప్పుడు స్టేడియం నలుమూలలా వినిపించింది. అదే క్షణంలో మధ్య స్టంప్ గాల్లోకి లేచింది. కొచ్చికి అది ఆఖరి వికెట్టు.

విశాఖ రోడ్ల మీదికి వచ్చింది. బాణసంచా మోత సముద్రం మీదికి వెళ్లింది. పిచ్ మధ్యలో ఒక మనిషి ఎడమచేత్తో కుడిచేతిని పొట్టకి అదుముకుని నిలబడ్డాడు, నవ్వుతున్నాడు. తోటి ఆటగాళ్లు అతన్ని ఎత్తుకోబోయి, అతను అరిచిన అరుపుకి వెనక్కి తగ్గారు.

*

ఆపరేషన్లు రెండు జరిగాయి. చెయ్యి ఛాతీ ఎత్తుకి మించి లేవదన్నారు.

మళ్లీ సీజన్ లేని నెలలు వచ్చాయి. కళావతి అభిమాన సంఘం నుంచి తప్పుకుంది గాని, సంఘం ఆమె టిఫిన్ సెంటర్ నుంచి తప్పుకోలేదు. ఆమె చట్నీ వడ్డిస్తుంటే మాటలు చెవిన పడేవి.

"గూడూరు కుర్రాడొకడున్నాడట. నిప్పులు చెరుగుతాడట. సంధి ఎంత చూపించింది?"

"సీజన్లో సగమే."

"సగమేనా! అయితే ఆణ్ణి వదలకూడదు. నాగపూర్‌ వాళ్లు కూడా అలాంటోళ్లనే ఏరుతున్నారు."

"ఇంకొకడికి తొమ్మిదేళ్లట."

"తొమ్మిదేళ్లున్నోడు దాసుకుంటాడురా. ఒళ్లు దాసుకునేవోడు మనకెందుకు?" అన్నాడు తవిటయ్య. అతను కోపంగా అనలేదు, చెడ్డవాడూ కాడు. నిజంగా అలా అనిపించే అన్నాడు.

దేశమంతటా అదే లెక్క నడిచింది. ఎక్కువ కాలం ఆడగలిగే భుజం ఉన్నవాళ్లకి పిలుపులు ఆగిపోయాయి. యామిని తన యంత్రాన్ని వెనక్కి తీసుకోవాలని చూసింది. హక్కులు లీగ్ చేతిలో ఉన్నాయి. ఉద్యోగం మానేస్తే తన కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. కనీసం నిజం చెప్పే మనిషి ఒకరుండాలని ఆవిడ మానలేదు.

ఒకరోజు ఉదయం కళావతి ఆవిడ ల్యాబ్‌కి వచ్చింది. వెనకాల సోమన్న. అతని వెంట అతనిలాగే పొడుగ్గా ఉన్న ఒక కుర్రవాడు, భుజాన కిట్ బ్యాగు.

"మా తమ్ముడు, బుద్రు," అన్నాడు సోమన్న. "నాకంటే వేగంగా వేస్తాడు మేడమ్. నిజం."

యామిని బుద్రుకి తొడుగు వేయించి చూసింది. గీత తెర చివరిదాకా పోయి ఆగింది. పదకొండు సీజన్లు. ఇంత గట్టి భుజాన్ని ఆవిడ ఇంతవరకూ చూడలేదు. చాలా నెలల తర్వాత ఆవిడ మొహంలో వెలుగొచ్చింది.

"సోమన్నా, ఇతనికి భయం లేదు. హాయిగా ఆడతాడు!"

సోమన్న మొహం వాడిపోయింది. "తెలుసు మేడమ్. రాంచీలో కూడా ఇదే చూపించింది, పుణేలో కూడా. బౌలింగ్ చూసి చప్పట్లు కొట్టారు. నంబర్ చూసి పంపించేశారు."

కళావతి తలొంచుకుంది. ఆమె ఎందుకు వచ్చిందో యామినికి అప్పుడు అర్థమైంది. సోమన్న అడగబోయేది ఆమెకి ముందే తెలుసు. ఒక్కణ్ణే పంపలేక వచ్చింది.

"నంబర్ మార్చలేను సోమన్నా," అంది యామిని. "అది అబద్ధం చెప్పదు. చెప్పించను కూడా."

"అబద్ధం వద్దు మేడమ్." అతను ఒక అడుగు ముందుకి వచ్చి గొంతు తగ్గించాడు. "రోజుకి ఎన్ని బంతులు వేయిస్తే అది ఒక సీజన్‌కి దిగుతుందో అది చెప్పండి చాలు. ఎవరికీ చెప్పం. మా కళ్లంలోనే వేయించుకుంటాను."

"ఏటా మాటలు!" కళావతి అడ్డొచ్చింది. "నీ సెయ్యి సూసుకో ఒక్కపాలి. తమ్ముడు కదరా!"

"చూసుకున్నాను అక్కా." అతని మాటలో నిష్ఠూరం లేదు. అదే ఆమెని ఎక్కువ బాధించింది. "నన్ను జనం ఇంకా గుర్తుపట్టి పలకరిస్తారు. వీణ్ణి ఎవరూ చూడకుండానే పదకొండేళ్లూ అయిపోతాయి."

అతను అడిగిన లెక్క యామినికి తెలుసు. కంప్యూటర్ అక్కర్లేకుండా, నిలబడ్డచోటే చెప్పగలదు. తెలిసిన విషయం మొహంలో కనిపించిందేమోనని గాజు గోడ వైపు తిరిగింది.

"మీరు చెప్పకపోయినా ఏం కాదు మేడమ్," అన్నాడు సోమన్న. "తగ్గేదాకా వేయిస్తాను. నెలకోసారి తీసుకొస్తాను, చూసి చెబుదురుగాని." ఎడమచేత్తో కిట్ బ్యాగు అందుకుని భుజాన వేసుకున్నాడు. "దా బుద్రూ. బస్సుకి టైమైంది. సాయంత్రం కళ్లంలో మొదలెడదాం."

బుద్రు వంగి యామిని కాళ్లకి దణ్ణం పెట్టాడు. తర్వాత, మంచి జరుగుతుందన్న నమ్మకంతో, అన్న వెనకాలే నడిచాడు.