చెప్పని రెండు గదులు

శనివారం మధ్యాహ్నం. అమ్మమ్మ పెన్సిల్ చెక్కుకుని, గ్రాఫ్ కాగితం ముందేసుకుని కూర్చుంది. తూనీగ వేళ్లు అప్పటికే కీబోర్డు మీద ఉన్నాయి. కాలు ఒకచోట నిలవదని ఆ పిల్లకి ఇంట్లో పెట్టిన పేరు అది.

కంప్యూటర్ అమ్మ చిన్నప్పటిది. మామయ్య దాన్ని బాగుచేసి, అందులో ఒక పాత ఆట పెట్టిచ్చాడు. నేల కింద వందల గదులు, చివర ఒక నిధి. తెర మీద ఒక్క గదే కనిపిస్తుంది కాబట్టి దారి మనమే కాగితం మీద గీసుకోవాలి. అంతకు ముందొచ్చిన ఆటల్లో మనం మీట నొక్కేదాకా రాక్షసులు ఓపిగ్గా నిలబడేవారట. ఇందులో ఆ మర్యాదేం లేదు. మనం ఆగినా వాళ్లు వచ్చి మీద పడతారు.

అమ్మమ్మ ముప్పై ఏళ్లు ఇళ్ల ప్లాన్లు గీసిన మనిషి. కంటి ఆపరేషన్ అయ్యాక పెన్సిల్ ముట్టుకోలేదు. మళ్లీ పట్టింది ఈ ఆట కోసమే.

"కుడికి ఒకటి, పైకి ఒకటి" అని తూనీగ చెబుతోంది. అమ్మమ్మ గళ్లు గీస్తోంది. ఇంతలో ఒక అస్థిపంజరం కత్తి దూసి వెంటపడింది. తూనీగ నోరు విప్పకుండా రెండు గదులు పరుగెత్తి, ఆ తర్వాత ఏమీ జరగనట్టు మళ్లీ చెప్పడం మొదలుపెట్టింది.

తిరిగి వచ్చేటప్పుడు దారి తప్పారు. కాగితంలో తలుపున్న చోట తెర మీద గోడ ఉంది.

"తప్పు గీశావు అమ్మమ్మా. నీకు సరిగ్గా కనిపించట్లేదు," అనేసింది తూనీగ.

అమ్మమ్మ కాగితాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకుని చాలాసేపు చూసింది. తర్వాత దాన్ని మడిచి, ఇక తన వల్ల కాదులే అంటూ వంటింట్లోకి వెళ్లిపోయింది.

తూనీగ ఒక్కతే ఆడింది. అప్పుడు గుర్తొచ్చింది, ఆ పరుగు. కాగితం విప్పి చూస్తే ఆ రెండు గదులు తప్ప ప్రతి గోడా ఉన్నచోటే ఉంది.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. కానీ వంటింట్లో అమ్మమ్మ ఒక కన్ను మూసుకుని, డబ్బా మీది అక్షరాలు చదువుతోంది. తర్వాత రెండో కన్ను మూసుకుంది. అది చూసి తూనీగకి ఏడుపొచ్చింది.

"తప్పు నాది అమ్మమ్మా. భయమేసి రెండు గదులు పరుగెత్తా. నీకు చెప్పలేదు. నీ కళ్లు బాగానే ఉన్నాయి."

అమ్మమ్మ డబ్బా కింద పెట్టింది.

"ఏ వైపు పరుగెత్తావు?"

"పైకి."

అమ్మమ్మ మళ్లీ పెన్సిల్ పట్టి రెండు గళ్లు చేర్చగానే దారి కుదిరింది. కొత్త గదిలోకి వెళ్లారో లేదో, ఈసారి మూడు అస్థిపంజరాలు. తూనీగ అడుగడుక్కీ చెబుతూనే పరుగెత్తింది. అమ్మమ్మ పెన్సిల్ కాస్త వెనకబడింది. తూనీగ మీట మీద నుంచి వేలు తీసేసింది. కత్తులు మాత్రం ఆగలేదు. తూనీగ నడిపిస్తున్న వీరుడు కూలిపోయాడు.

"అయ్యో, పారిపోవాల్సింది కదే," అంది అమ్మమ్మ.

"నువ్వింకా గీస్తున్నావుగా," అంది తూనీగ.