పరంధామయ్య వచ్చే కంప్యూటర్

తిరుపతి కొర్లగుంటలో ఒక ప్రైవేటు స్కూలుంది. పేరెందుకులెండి. ఆ స్కూలు మేడ మీది మూలగదికి చెడ్డపేరు. చీకటి పడ్డాక వాచ్‌మన్ కూడా ఆ గది తలుపు తీయడు. అక్కడున్న కంప్యూటర్‌లోకి పరంధామయ్య వస్తాడట...

పరంధామయ్య ఆ స్కూల్లో లెక్కలు రాసిన పెద్దాయన. కంప్యూటర్ వచ్చి తన కుర్చీ లాక్కుందని చివరిదాకా కుమిలిపోయాడు. దసరా ముందు కాలం చేశాడు. పండగ వెళ్ళగానే మొదలైంది.

కంప్యూటర్ కాసేపు బాగానే నడుస్తుంది. ఉన్నట్టుండి బుస్సుమని నిట్టూరుస్తుంది. ఆ నిట్టూర్పు పెరుగుతుంది... గదంతా పచ్చకర్పూరం వాసన — అచ్చం పరంధామయ్య పక్కన నిలబడితే వచ్చే వాసన. అంతే, టప్పున తెర ఆరిపోతుంది.

ఈ మాట విని నవ్వి కొట్టిపారేయాల్సిన మనిషి కృష్ణస్వామి. కంప్యూటర్ సారు ఆయనే మరి. కంప్యూటర్ ఆగిపోతే వేడెక్కిందా, దుమ్ము పట్టిందా, వైరస్ చేరిందా, కరెంటు సరిగ్గా వస్తోందా చూడమని పిల్లల చేత వల్లె వేయించేదీ ఆయనే. తన కంప్యూటర్ ఆగినప్పుడు మాత్రం వాటిలో ఒక్కటీ గుర్తురాలేదు. పరంధామయ్య ఒక్కడే గుర్తొచ్చాడు. ఏం చదువో ఏమో, అంతా బడిగంట కొట్టేదాకే.

మర్నాడు కరెస్పాండెంట్ ఏకాంబరం ముందు ఆయన పాఠం చెప్పాలి. ఐరాల బ్రాంచి టీచర్లు కూడా వస్తున్నారు. బాగా చెబితే కాంట్రాక్టు ఉద్యోగం పర్మనెంటు, లేదంటే సెలవుల తర్వాత రానక్కర్లేదు. ఇంతకీ పాఠం ఏమిటంటారా? 'కంప్యూటర్లు ఎందుకు ఆగిపోతాయి?' తయారుచేసుకున్నదంతా ఆ మూలగది కంప్యూటర్‌లోనే ఉంది. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించేలోపే అది ఆగిపోతోంది.

చీకటి పడింది. కృష్ణస్వామి మేడ మెట్లెక్కాడు, భార్య గోదాదేవిని వెంటబెట్టుకుని. ఆవిడ తెలుగు టీచరు. అచ్చుతప్పులు చూడ్డానికి పిలిచానన్నాడు. ఆవిడ నమ్మినట్టు నటించింది.

కంప్యూటర్ వెలిగింది. బయట కుక్క కూడా మొరగడం లేదు... ఆయన పెన్‌డ్రైవ్ గుచ్చాడు.

బుస్స్...

"గోదా..." అన్నాడు. "వచ్చినాడు."

"ఎవరు?"

"పరంధామయ్య స్వామి."

వాసన గుప్పుమంది. తెర ఆరిపోయింది. కృష్ణస్వామి కళ్ళు మూసుకుని తెలిసిన దేవుళ్ళనందరినీ తలుచుకున్నాడు.

గోదాదేవి కళ్ళు మూసుకోలేదు. వాసన పట్టుకుంటూ బల్ల కిందికి వంగింది. ఫోను లైటు వేసింది. అక్కడున్న కంప్యూటర్ పెట్టె మీద చెయ్యి పెట్టి, చురుక్కుమనేసరికి వెనక్కి తీసుకుంది.

"ఏమండీ... దీనికి ఇంత లావు నామం ఎవరు పెట్టినారు?"

ఆయన నసుగుతూ చెప్పాడు. ఆయుధపూజ నాడు తానే పెట్టాడట. మన ఇళ్ళల్లో అలవాటే కదా, తిరుమణి తెల్లమట్టిలో కాస్త పచ్చకర్పూరం కలిపి. పరంధామయ్య పెట్టుకునే నామమూ అదే. పూజయ్యాక కంప్యూటర్ నిట్టూర్చడం మొదలుపెట్టేసరికి భయమేసి, రక్షగా ఉంటుందని వారం వారం నామం మీద నామం మెత్తాడు. ఆ నిట్టూర్పు పెట్టె కంతల్లోంచి వస్తోందని గమనించాక, ముందూ వెనకా ఒక్క కంత వదల్లేదు.

"దారి మూసినాను" అన్నాడు.

"దెయ్యానికా? గాలికా?"

లోపల వేడికి ఊపిరాడక ఆ పెట్టెలోని ఫ్యాను బుసకొడుతోంది, కాలిన మట్టి కర్పూరం వాసన కొడుతోంది. పాఠం చెప్పే పెద్దమనిషికి ఇదొక్కటీ తట్టలేదు. సిగ్గుతో ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

గోదాదేవి జడపిన్ను తీసి గీకింది. మట్టి పెచ్చులు పెచ్చులుగా రాలింది. వేడిగాలి మొహానికి కొట్టింది. ఆ తర్వాత కంప్యూటర్ చల్లగా నడిచింది, పాఠమంతా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కింది.

మర్నాడు హాలు నిండింది. జరిగింది దాచేద్దామనే అనుకున్నాడు కృష్ణస్వామి. కానీ పోయినాయన మీద ఊరికే నింద ఉండిపోతుందే అని మనసు పీకింది. మైకు పట్టుకుని, గొంతు సవరించుకుని, ముందు ఆ మాటే చెప్పాడు.

"మన లెక్కల పరంధామయ్యగారిని అందరూ అనుమానించినారు. పాపం, ఆయన ఏ తప్పూ చెయ్యలేదు. ఈ స్కూల్లో నామం పెట్టింది నేనండీ."

ఏకాంబరం మెల్లగా కుర్చీలోంచి లేచాడు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఎంతకప్పా?" అన్నాడు.

సంగతి అర్థమయ్యాక హాలంతా నవ్వింది. ఉద్యోగం ఆ మధ్యాహ్నమే ఖాయమైంది. కానీ ఆ ప్రశ్న విన్నప్పుడు వెన్నులో పాకిన చలి ఉందే... పరంధామయ్య ఏనాడూ తనని అంత భయపెట్టలేదని కృష్ణస్వామి ఇప్పటికీ కనబడినవాళ్ళందరికీ చెప్పుకుంటాడు.